పదకొండు తరువాత పదమూడు

మూడో షెల్టరు, యంత్రాల గది పుస్తకం. ఉప్పెన వచ్చిన తరువాత ఇరవై మూడో ఏడు. రాస్తున్నది నాంచారి.

నవంబరు 27, గురువారం

కొత్త సర్వరు ఈ రోజు కూడా లేవలేదు. ఇది మూడోసారి. డేటాబేసు ఎక్కించే పని నూటికి తొంభై నాలుగు దాకా బుద్ధిగా నడుస్తుంది. అక్కడ ఆగి, "సేవ మొదలు కాలేదు, చేసినదంతా వెనక్కి తీసేస్తున్నాను" అని తెర మీద రాసి, నాలుగు గంటల పనిని నిమిషంలో తుడిచేస్తుంది. చెప్పడానికి సిగ్గయినా ఉండాలి. నేను మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను.

పాత సర్వరు పక్కనే ఉబ్బసం మనిషిలా రొప్పుతోంది. మూడు తుఫాను షెల్టర్లలో బతుకుతున్న మూడు వందల నలభై మంది పుట్టుకలు, జబ్బులు, మందులు, నీళ్ళ వాటాలు ఇరవై మూడేళ్ళుగా దాని డిస్కులోనే ఉన్నాయి. డిస్కు ఆగిపోతే అన్నీ పోతాయి. ఈ భయంతోనే ఒడ్డువాళ్ళు కరకట్ట అవతల నుంచి కొత్త పెట్టె పంపారు. రెండు వారాల కిందట వాళ్ళ మరపడవ, సముద్రంలో గుర్తుగా తేలే బోయా దగ్గర వలలు తీస్తున్న మనవాళ్ళకు ఒక సర్వరు, ఒక రేడియో, ఒక కాగితం అందించి వెళ్ళిపోయింది.

కాగితంలో ఉన్నది ఇదీ. డిసెంబరు 20న ఆసుపత్రి ఓడ బోయా దగ్గరికి వస్తుంది. ఎవరికి ఆపరేషను కావాలో వాళ్ళ వివరాలు కొత్త సర్వరు నుంచి పదిహేను రోజుల ముందే, అంటే డిసెంబరు 5 లోపల చేరాలి. వివరాలు చేరనివాళ్ళను ఓడ ఎక్కించుకోరు.

ఇందులో నా స్వార్థం ఉంది, దాచుకోను. నా కూతురు నాగమణి గుండె కవాటం పాడైంది. మూడేళ్ళ కిందట కీళ్ళ నొప్పులతో వచ్చిన జ్వరం దిగి గుండెలో కూర్చుంది. ఇప్పుడు మెట్లెక్కితే మధ్యలో రెండుసార్లు ఆగుతుంది. ఆగినట్టు తెలియకూడదని సముద్రం చూస్తున్నట్టు నిలబడుతుంది.

నవంబరు 28, శుక్రవారం

పొద్దున ఎనిమిదింటికి అరగంట సేపు రేడియో పలుకుతుంది. అవతల హనీఫ్ అనే ఆయన. ఒడ్డు మీద సర్వర్లు బాగుచేసేది ఆయనే. గొంతును బట్టి యాభై దాటి ఉంటాయి. తొందరపడే మనిషి కాదు, తొందరపెట్టనిచ్చే మనిషి కూడా కాదు.

ముందు కరెంటు చూడమన్నారు. బ్యాటరీలు కొలిచి చెప్పాను, బాగానే ఉన్నాయి. తరువాత తీగలు చూడమన్నారు. తీగలన్నీ కలిసే పలకలో ఇరవై నాలుగు రంధ్రాలుంటాయి. ఏ రంధ్రంలో ఏ తీగ ఉందో వరసగా చదవమన్నారు. చదువుతూ పదకొండు నుంచి పదమూడుకి వెళ్ళాను.

"మధ్యది ఏమైందమ్మా?" అన్నారు.

"ఖాళీగా వదిలేశానండీ."

"చెడిపోయిందా?"

"లేదండీ. మా అలవాటు."

"సరే, అందులో కూడా ఒక తీగ పెట్టి చూడండి" అన్నారు. పెట్టాను. సర్వరు మాత్రం అదే తొంభై నాలుగు దగ్గర కూలబడింది. మా అలవాటు మీద నింద పడనందుకు నాకు కొంచెం ఊరటగానే అనిపించింది.

ఆ అంకె మేం పలకం. ఉప్పెన వచ్చింది నవంబరులో పదకొండుకూ పదమూడుకూ మధ్య రోజున. మా ఊళ్ళు నాలుగూ ఆ ఒక్క పూటలో మునిగాయి. మా అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు ఆ రోజే పోయారు. శవాలు దొరకలేదు. దొరకని మనిషికి దినాలు ఎలా చేస్తాం, ఏ తారీఖున ఏడుస్తాం? బతికినవాళ్ళంతా ఈ షెల్టరు మేడ మీద కూర్చుని, ఇక ఆ రోజు మాకు వద్దనుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ నవంబరు పదకొండు రాత్రి దీపాలార్పి పడుకుంటాం, తెల్లవారితే పదమూడు. చేపల బుట్టలు లెక్కపెట్టినా పదకొండు, ఇంకొకటి, పదమూడు అంటాం. నాగమణి వయసు కూడా పదకొండూ ఇంకొకటీ.

రేడియో కట్టేముందు, వివరాలు ఎప్పటికి అందుతాయోనని నేను కంగారుపడ్డాను. హనీఫ్ గారు, "బోలెడు టైముందమ్మా, ఎందుకంత హైరానా పడతారు? ఆదివారం మాత్రం నేనుండను, మా తమ్ముడి కూతురికి నిశ్చితార్థం" అన్నారు.

వారం రోజుల గడువు వాళ్ళకు బోలెడు టైమట. ఒడ్డు మీద కాలం వేరే సరుకుతో చేస్తారేమో.

నవంబరు 30, ఆదివారం

రేడియో లేని రోజు. కొత్త పెట్టెను పూర్తిగా తుడిచి, ఏమీ ఎరగని పసిపిల్లను చేసి, మళ్ళీ ఎక్కించాను. తొంభై నాలుగు.

ఎక్కించే పనికి సంబంధించిన చిట్టా ఒకటి ఆ పెట్టె తనంతట తాను రాసుకుంటుంది. ఈ రోజు అది చదవడం మొదలుపెట్టాను. రెండు వేల పైచిలుకు వరసలు. ప్రతి వరస ముందూ ఒక తారీఖు ఉంది, అది కూడా తప్పే. ఇంకా నవంబరు మొదటి వారంలోనే ఉన్నాననుకుంటోంది. కొత్త యంత్రం కదా, బుద్ధి రావడానికి టైం పడుతుంది.

సాయంత్రం నాగమణి గట్టు మీద కూర్చుని ఎండుచేపలు తిరగేస్తూ, "అమ్మా, ఓడవాళ్ళు ఈసారన్నా వస్తారంటావా?" అని అడిగింది.

"వస్తారు."

"నాన్నప్పుడు రాలా కదా."

మూడేళ్ళ కిందట ఇలాగే ఒక కాగితం వచ్చింది. జనవరి 10న మందుల ఓడ బోయా దగ్గరికి వస్తుందని. అప్పుడే దీనికి జ్వరం. మా ఆయన సైదులు దీని మందు కోసం ఎనిమిదో తారీఖునే తెడ్డేసుకుని వెళ్ళాడు. ఐదు రోజుల తిండి పెట్టాను. బోయా ఇక్కడికి పడవలో ఆరు గంటల దూరం. దారంతా మునిగిన డాబా కప్పులు, కొబ్బరి మొద్దులు. అందుకే పెద్ద ఓడ బోయా దాటి లోపలికి రావడం కుదరదు. ఆ వారం మనవాళ్ళు అటు వేటకు వెళ్ళి చూస్తే ఓడా లేదు, ఓడ జాడా లేదు. మా ఆయన అక్కడే పడవ కట్టుకుని, "మాటిచ్చారు, వస్తారు, నేనుంటా" అన్నాడట. పదిహేనున గాలి లేచింది. ఆయనా రాలేదు, పడవా రాలేదు.

అప్పటి నుంచి ఒడ్డువాళ్ళంటే నాకు మంట. అది ఈ పుస్తకంలో ఇంతవరకు రాయలేదు.

డిసెంబరు 2, మంగళవారం

నిన్న రేడియోలో హనీఫ్ గారు మొదటే, "నిన్న పలకలేదేందమ్మా? అరగంట పిలిచా" అన్నారు. ఆదివారం మీరే ఉండనన్నారు కదా అంటే, "ఆదివారం ఇంకా రాందే?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈ రోజు ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా పిలిచాను. ఆయనే లేరు. ఉంటానన్న రోజు ఉండరు, ఉండనన్న రోజు ఉంటారు. జనవరి పది అని రాసి రానివాళ్ళకు ఆదివారం ఒక లెక్కా?

కోపంతో కూర్చుని మిగిలిన చిట్టా అంతా చదివాను. అసలు వరస చిట్టచివర దొరికింది. మొన్న నేను పైనుంచి చదువుతూ విసిగి మధ్యలో వదిలేశాను. అందులో ఉన్నది ఇది:

"పాత డేటాబేసులో ఇంకా రాని తేదీలతో నమోదులు ఉన్నాయి. జరగనిదాన్ని జరిగినట్టు తీసుకోలేను."

కొత్త పెట్టె గడియారం వెనకబడింది కాబట్టి మన నమోదులు దానికి భవిష్యత్తులా కనబడుతున్నాయి. ఇంతేనా అనుకున్నాను. గడియారం ముందుకు తిప్పి డిసెంబరు 2 పెట్టాను. సర్వరు లేచింది. మూడు నిమిషాలు లేచే ఉంది. నేను నాగమణిని పిలిచేలోపు గడియారం తనంతట తాను వెనక్కి వెళ్ళింది, మళ్ళీ కూలింది. ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ అంతే.

పాత డిస్కులో ఈ రోజు కొత్తగా టకటకమనే చప్పుడు మొదలైంది.

డిసెంబరు 3, బుధవారం

పొద్దున హనీఫ్ గారికి ఆ వరస చదివి వినిపించాను. గడియారం మాట వినడం లేదని కూడా చెప్పాను.

"అది వినదమ్మా. దానికి టైము ఉపగ్రహం నుంచి వచ్చిద్ది. మనం మార్చినా నిలవదు" అని, ఇంకోటి అడిగారు. "మీ దగ్గర ఈ రోజు తారీఖు ఎంత?"

"డిసెంబరు మూడు."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"నాంచారమ్మగారూ, ఇక్కడ ఈ రోజు నవంబరు పది. సోమవారం. నిన్న ఆదివారం, నిశ్చితార్థానికి పోయొచ్చా."

మీరే పొరబడ్డారన్నాను. ఆయన వాదించలేదు. ఒడ్డు మీద గడియారాలన్నీ అదే చెబుతున్నాయన్నారు, అంతే. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై మూడు రోజుల తేడా. మళ్ళీ లెక్కపెట్టాను, ఇరవై మూడే. ఉప్పెన వచ్చి ఇరవై మూడేళ్ళు. ఏడుకు ఒకటి.

మేం దాటేసిన రోజులు ఎక్కడికీ పోలేదు. పదకొండు రాత్రి పడుకుని తెల్లవారితే పదమూడు అన్నామే గానీ, సూర్యుడు అదనంగా ఒకసారి పొడవలేదు. ఏటా ఒక రోజు చొప్పున మా తారీఖు లోకానికి ముందు పోతూ వచ్చింది. ఎవరికీ తెలియలేదు. వేటకు సముద్రపు పోటూపాటూ చాలు, అమావాస్యా పున్నమీ చాలు. తారీఖుతో పని పడింది ఆ రెండు కాగితాలతోనే.

రెండు కాగితాలు. అది తోచగానే ఓడ కాగితం తీసి మళ్ళీ చదివాను. ఇంకో పదహారు రోజుల్లో నేను నాగమణిని పడవెక్కించి బోయాకు తీసుకెళ్ళేదాన్ని. ఓడ రావడానికి ఇరవై నాలుగు రోజుల ముందు. నడిసముద్రంలో, ఆ గుండెతో, వస్తారు వస్తారని.

"హనీఫ్ గారూ, మూడేళ్ళ కిందట జనవరి పదిన మందుల ఓడ ఒకటి మా బోయాకు వచ్చిందా? అది చూసి చెప్పండి" అన్నాను.

"పాత పుస్తకాలు వెతకాలమ్మా. రేపు చెబుతా."

డిసెంబరు 4, గురువారం

హనీఫ్ గారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివారు. "జనవరి 10, ఉదయం. బోయా చేరాం. పడవ లేదు. రెండు రోజులు ఆగి, గంటకోసారి కూత వేశాం. ఎవరూ రాలేదు. మందుల పెట్టె వెనక్కి తెచ్చాం."

చదవడం అయ్యాక, "ఉన్నారా అమ్మా?" అని ఒకసారి అన్నారు.

వాళ్ళు చెప్పిన రోజునే వచ్చారు. మా లెక్కలో అది జనవరి ముప్పై. ఆ రోజు నేనేం చేశానో ఈ పుస్తకంలోనే ఉంది, వెనక్కి తిప్పి చూశాను. "బ్యాటరీలలో నీళ్ళు పోశాను. నాగమణికి జ్వరం తగ్గలేదు." అంతే రాసి ఉంది. ఆరు గంటల దూరంలో ఓడ గంటకోసారి కూత వేస్తూ ఉంది.

రేడియో కట్టేసి శాంతయ్య మాస్టారి దగ్గరికి వెళ్ళాను. నాకు ముందు ఈ గది చూసింది ఆయనే. నాకు పని నేర్పిందీ ఆయనే. ఉప్పెన రోజున ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. పాత సర్వరు ఏటా ఒక రోజు దాటేసేలా దానికి చెప్పింది కూడా ఆయనే. ఇప్పుడు చూపు ఆనదు. గట్టు మీద ఎండలో కూర్చుని వలకు ముడులు వేస్తున్నాడు. నేను ఇరవై మూడు అనగానే చేతులు ఆగిపోయాయి.

"తెలిసిందా" అన్నాడు.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"రెండో ఏడే తెలుసు. దాటేసిన రోజుని ఇంకోచోట కలిపేయాలి, లేకపోతే లెక్క జారిపోద్దని. ఏప్రిల్లోనో మేలోనో ఒక రోజుని రెండుసార్లు రాద్దామనుకున్నా. చెయ్యాలంటే మేడ మీదకు అందర్నీ పిలిచి ఎందుకో చెప్పాల. ఆ రోజు పేరెత్తాల. నా వల్ల కాలా. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నా. ఏటా అదే అనుకున్నా."

"మా ఆయన కాగితం పట్టుకుని వెళ్ళేటప్పుడు?"

"యేసు తోడు, అప్పుడు తట్టలేదమ్మాయ్. ఆయన పోయిన నెలకి, నిద్రలో తట్టింది. లేచి కూర్చున్నా. నీ దగ్గరికొచ్చి ఏమని చెప్పను?"

"చెబితే ఓడవాళ్ళను మూడేళ్ళు తిట్టుకోకపోదును."

"నన్ను తిట్టుకుందువు."

"అవును. తిట్టుకుందును" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయను. ముసలాయన తలెత్తకుండా అన్నీ పడ్డాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక ఆయన పక్కనే కూలబడి ఏడ్చాను. ఆయనంటే కోపం తగ్గలేదు. అయినా ఆయన్ని ఒక్కడినీ అనడానికి నాకు మాత్రం ఏం హక్కుంది? ఏటా పదకొండు రాత్రి దీపం ఆర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా అంతట నేనే వద్దనుకున్నాను ఆ రోజుని.

పాత డిస్కు చప్పుడు ఆ గట్టు దాకా వినిపించింది. "అది ఎక్కువ కాలం ఆగదమ్మాయ్. నన్ను గదిలోకి తీసుకుపో" అన్నాడు మాస్టారు.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. మొదటి ఏడు నమోదులను ఒక రోజు వెనక్కి జరపాలి, రెండో ఏడువి రెండు రోజులు, అలా ఇరవై మూడు దాకా. ఏ ఏడు ఏ నమోదు దగ్గర మొదలైందో ఆయనకు నోటికి వచ్చు. ఆయన చెబుతుంటే నేను కొట్టాను. ఒక్కో ఏడు జరిపినప్పుడల్లా ఇన్నాళ్ళూ లేని తారీఖు ఒకటి నవంబరులో కనబడింది. దాని కింద మేం ఆ రోజు బతికిన బతుకు ఉంది.

మొదటి ఏడు: రెండో షెల్టరు వంటగదికి కప్పు వేశారు. నాలుగో ఏడు: పీతలు బాగా పడ్డాయి, మనిషికి రెండు. ఆరో ఏడు: కవలలు పుట్టారు. తొమ్మిదో ఏడు దగ్గర చదవడం ఆపాను.

"ఏముందమ్మాయ్?" అన్నాడు మాస్టారు.

"మా పెళ్ళి" అన్నాను.

నవంబరు ఇరవై ఒకటి అనుకుని చేసుకున్నాం. సైదులు చిరిగిన వలతో పందిరి వేశాడు. మాస్టారు పాట పాడాడు. నేను నవ్వుతూనే ఉన్నానని మా పిన్ని మొట్టికాయ వేసింది. అది మా అమ్మ పోయిన రోజు. దాటేశామనుకున్న రోజుని ఏటా బతుకుతూనే వచ్చాం, ఎవరి కోసమూ ఒక్క దీపం పెట్టకుండా.

ఇరవయ్యో ఏడులో సైదులు నమోదు కూడా జరిగింది. "జనవరి 8, బోయాకు బయలుదేరాడు" అన్నది "డిసెంబరు 19" అయింది. ఓడ పుస్తకంలో జనవరి 10. మధ్యలో ఇరవై రెండు రోజులు. నేను పెట్టిన తిండి ఐదు రోజులది.

చివరి ఏడు జరిపేసరికి చీకటి పడింది. ఎక్కించే పని మొదలుపెట్టి, మాస్టారిని పడక దగ్గర దింపి వచ్చాను.

నవంబరు 12, బుధవారం

పన్నెండు. రాశాను. రాయడానికి కొంతసేపు పట్టింది.

పొద్దున్నే గదిలోకి వచ్చేసరికి తొంభై నాలుగు దాటి, నూరు చేరి, కొత్త సర్వరు లేచి ఉంది. తెర మీద ఈ తారీఖే ఉంది. మాకు నిన్న డిసెంబరు 4, లోకానికి ఇవాళ నవంబరు 12. సరిగ్గా ఆ రోజే. ఇరవై మూడేళ్ళు మేం దీపాలార్పి తప్పించుకున్న రోజు నా గదిలో కూర్చుని ఉంది. పాత డిస్కు ఎప్పుడు ఆగిందో చూడలేదు. గదిలో చప్పుడు లేదు.

ఎనిమిదింటికి నాగమణి వివరాలు పంపాను. వయసు దగ్గర పన్నెండు అని కొట్టాను. ఐదు నిమిషాలకు హనీఫ్ గారు, "అందిందమ్మా. పాప పేరు జాబితాలో ఎక్కింది. ఇంకా ముప్పై ఎనిమిది రోజులుంది. తొందరపడి ముందు రాకండి" అన్నారు. చెప్పాక తానన్నది తనకే వినిపించినట్టుంది, "క్షమించండమ్మా" అన్నారు. "మీ తప్పేం లేదండీ" అన్నాను. మూడేళ్ళ నుంచి ఒడ్డువాళ్ళకు బాకీపడిన మాట అది.

మేడ మీదకు అందరినీ పిలిచి చెప్పాను. మాస్టారు లేచి, ఇందులో తన తప్పేమిటో తన నోటితోనే చెప్పాడు. ఎవరూ అరవలేదు. ఒక ముసలామె, "అయితే ఇవాళ ఆ రోజేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె వెళ్ళి పట్టపగలు ఒక దీపం తెచ్చి గట్టు మీద పెట్టింది. తరువాత ఇంకొకరు తెచ్చారు. మాస్టారికి మూడు నేనే వెలిగించి ఇచ్చాను. మా అమ్మకు, తమ్ముళ్ళకు పెట్టాను. ఇరవై మూడేళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. ఆపుకోవాలని అనిపించలేదు.

నాలుగో దీపం పెడుతుంటే నాగమణి వచ్చింది. మెట్ల మీద రెండుసార్లు ఆగి వచ్చింది. దీపాలు లెక్కపెడుతూ పదకొండు దగ్గర నా మొహం చూసింది. నేను తల ఊపాను. "పన్నెండు" అంది, మెల్లగా, ఎవరైనా కొడతారేమోనన్నట్టు.

తరువాత నా పక్కన కూర్చుని అడిగింది. "అయితే నాన్న తప్పు రోజున వెళ్ళాడా అమ్మా?"

"లేదు" అన్నాను. "నాన్న మనం చెప్పిన రోజునే వెళ్ళాడు."